ఎర్ర పేలిక గోతం

సాంబశివరావు శెట్టిగారి పాత ప్లాస్టిక్ గోడౌన్ నరసరావుపేట రైలు గేటు అవతల ఉండేది. ఎనభై ఏడులో ఆ చుట్టుపక్కల ఊళ్ళలో బక్కెట్టు పగిలినా, బిందె చిల్లుపడినా తోపుడుబండివాడికిచ్చి ఉల్లిపాయలు తీసుకునేవాళ్ళు. అదంతా చివరికి ఖాతూన్ బీ ముందుకొచ్చి పడేది. ఆమె ఒక్కో ముక్కనీ కిరోసిన్ బుడ్డికి అంటించి, ఆర్పి, వాసన చూసి, ఇది కరిగించే మిషన్‌కి, ఇది పక్కకి అని విసిరేసేది. పైపు ముక్క ఒక్కటి బిందె ముక్కల్లో కలిసిందా, అది మిషన్‌లో మాడి, కంపుకొట్టి, ఆ రోజుకి పని ఆగిపోయినట్టే. అందుకే పన్నెండేళ్ళుగా ఆమె ముక్కుకి అక్కడ తిరుగులేదు. మిగతావాళ్ళంతా రేకుల కింద ఉడికిపోతుంటే, ఆమె పీట ఒక్కటే వేపచెట్టు నీడన ఉండేది.

కిందటి రంజాను అయిపోగానే దిగింది అబిదా, దాచేపల్లి నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. దానికి బుడ్డీ అక్కర్లేదు, వాసనా అక్కర్లేదు. తొట్టినిండా నీళ్ళు పోసి ముక్కలన్నీ గుమ్మరించేది. బిందె ముక్కలు తేలేవి, పైపు ముక్కలు మునిగేవి. ఖాతూన్ బీ గుప్పెడు ముక్కలు చూసేలోగా ఆ పిల్ల గోతం నింపేసేది. శెట్టిగారు తొట్టి దగ్గర నిలబడి మురిసిపోయి, దాని పీట కూడా నీడకి జరిపించారు.

ఖాతూన్ బీ ఓరగా ఆ తొట్టి వైపు చూసింది. నీళ్ళలో ముంచడం కూడా ఒక పనితనమేనా? బియ్యం కడిగే ఏ ఆడదైనా చేస్తుంది. ఈ జలుబొకటి ఏడాదిగా వదలక చంపుతోంది గానీ, లేకపోతే తన ముందు ఈ పిల్ల ఎంత?

ఒక మధ్యాహ్నం ఖాతూన్ బీ చేతులు కడుక్కుని వచ్చేసరికి అబిదా ఆమె గోతంలో చెయ్యిపెట్టి కెలుకుతోంది. ఆ గోడౌన్‌లో ఎవరి గోతం మూతి వాళ్ళు తమ పాతచీర పేలికతో కట్టుకుంటారు. ఖాతూన్ బీది ఆకుపచ్చది, అబిదాది ఎర్రది. ఒకరి కట్టు ఇంకొకరు విప్పడమన్నది లేదు. తప్పులు వెతికి శెట్టిగారికి చూపించి, ఉన్న కాస్త నీడా లాక్కుంటుందన్నమాట. సాయంత్రం ఖాతూన్ బీ, పక్కన పారేసిన తెల్లపైపు ఒకదాన్ని సుత్తితో కొట్టి, నాలుగు ముక్కలు ఎర్ర పేలిక గోతంలో వేసి, మూతి మళ్ళీ కట్టేసింది.

మర్నాడు మిషన్‌లో పోసేముందు అబిదా తన గోతాన్ని ఇంకోసారి తొట్టిలో గుమ్మరించింది. శెట్టిగారి కళ్ళముందే నాలుగు ముక్కలు అడుక్కి దిగిపోయాయి. ఆయన ముఖం మాడింది. ఖాతూన్ బీ లోపల్లోపల సంబరపడుతూ, ఇప్పుడు పొమ్మంటాడు, ఇప్పుడు పొమ్మంటాడని చూస్తూ కూర్చుంది. పొరపాటు తనదేనని అబిదా తలవంచుకుంది. ఆయన సణుక్కుంటూ వెళ్ళిపోయారు.

అబిదా వచ్చి, పిన్ని వరసగా తను ఖాలా అని పిలిచే ఖాతూన్ బీ పక్కన గొంతుక్కూర్చుంది.

"ఖాలా, నీ ముక్కు పనిచెయ్యట్లేదని నాకు ఎప్పుడో తెలుసు. రోజూ నీ గోతం నీళ్ళల్లో ఏసి, మునిగినయ్యి ఏరేసి, మళ్ళీ నీ పేలికతోనే కడతన్నా. నిన్న చూసుకోక పైపు ముక్కలు నా గోతంలో ఏసినట్టుండావు. శెట్టిగారికి చెప్పన్లే."

కిందటి రంజానుకి జ్వరం తగిలినప్పట్నుంచి ఖాతూన్ బీకి సాంబ్రాణి వాసన కూడా తెలియడం లేదు. ఎవరడిగినా జలుబనే చెప్పింది, తనకు తాను కూడా అదే చెప్పుకుంది. ఇప్పుడు అవునని ఊరుకుంటే ఏ గొడవా లేదు. పీట ఉంటుంది, నీడ ఉంటుంది. కానీ ఈ పిల్ల తన మీద జాలిపడటమా? అది మాత్రం ఆమె భరించలేకపోయింది.

"పొరపాటు కాదే. కావాలనే ఏశా. నిన్ను ఎల్లగొట్టాలనే ఏశా."

అబిదా నవ్వేసింది. "ఊరుకో ఖాలా. నువ్వట్టాంటిదానివి కాదులే."

ఖాతూన్ బీ తొట్టి అడుగునుంచి ఒక ముక్క తీసి, తుడిచి, బుడ్డికి అంటించి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పొగకి కళ్ళు మండాయి గానీ వాసనేమీ తెలియలేదు.

"కావాలనే ఏశానే," అంది మళ్ళీ.

అప్పటికి పొద్దెక్కి నీడ ఒక్క పీటకే సరిపోయేంత చిన్నదవుతోంది. ఆ మాట వినిపించుకోకుండానే అబిదా తన పీటని ఎండలోకి జరుపుకుని, ఆకుపచ్చ పేలిక ముడి విప్పుతోంది.