మెలకువగా ఉండగానే

పాపకు రెండు పిలకలు వేయాలంటే ముందు పాప ఒళ్లో ఉన్న బొమ్మకు వేయాలి. బొమ్మకు ఉన్న జుట్టు గుప్పెడైనా లేదు. ఆయా దాన్నే ఓపిగ్గా దువ్వి, రబ్బరు బ్యాండు బిగించి, "చూడు, అది ఏడ్చిందా?" అంది. మూడేళ్ల పాప బొమ్మ ముఖంలోకి తొంగిచూసి, ఏడవలేదని తేల్చుకున్నాకే తన తల అప్పగించింది.

సరస్సు ఒడ్డునున్న ఈ అద్దె ఇంట్లో వాళ్లకిది ఆరో రోజు. పాప తల్లిదండ్రులు సెలవులు గడపడానికి వచ్చారు. ఆయా కూడా సెలవులే గడుపుతోందని వాళ్ల నమ్మకం. మీకూ కాస్త మార్పుగా ఉంటుందని బయల్దేరేముందు తల్లి మురిపెంగా చెప్పింది. మార్పు వచ్చిన మాట నిజమే. ఇంటి దగ్గరైతే రాత్రి తొమ్మిదికి ఆయా పని ముగిసేది, ఇక్కడ ఆ లెక్క కూడా లేదు. పాలు కాచాలి, తడిబట్టలు బాల్కనీ కమ్మీ మీద ఆరేయాలి, ఇంటిల్లిపాదీ పడవెక్కితే వాళ్ల సంచులకు ఒడ్డున కాపలా కూర్చోవాలి. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదేనేమో.

ఆమెకు యాభై ఆరేళ్లు. వెడల్పాటి అరచేతులు, చర్మం దాకా కత్తిరించుకున్న గోళ్లు. నిలబడితే మనిషి ఎడమవైపుకు కొంచెం ఒరిగి ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లలో పదకొండుమంది పిల్లలు ఆ పక్కనే చంకనెక్కారు మరి. డాక్టరు ఆ నడుముకేదో పెద్ద పేరు చెప్పాడు. ఆమె దానికి పిల్లల పేర్లే పెట్టుకుంది.

నిన్న సాయంత్రం తల్లి వచ్చి పక్కన కూర్చుంది. ఊరెళ్లగానే పాప బడికి పోతుందని, ఇక ఆయా అక్కర్లేదని నెల కిందటే చెప్పారు. అందులో కొత్తేమీ లేదు. కొత్త సంగతి ఏమిటంటే, ఆయా వాళ్ల చెల్లెలి ఊరికి ఇక్కణ్ణుంచే రెండున్నరకు బస్సుంది. రేపు పాప మధ్యాహ్నం నిద్రపోగానే సంచి తీసుకుని వెళ్లిపొమ్మంది. లేచాక తామే ఏదో ఒకటి చెప్పుకుంటామంది. ఆయా "అలాగేనమ్మా" అంది. ఆ మాట ఆమె నోటికి ఎంత అలవాటంటే, మనసును అడక్కుండానే వచ్చేస్తుంది.

ఈ పనిలో అదే పద్ధతి. పదిళ్లలో పదిమంది పిల్లలూ నిద్రపోతుండగానే ఆమె గడప దాటింది. పసివాళ్లకు అదే మేలని అందరూ అన్నారు, ఆమె కూడా నమ్మింది. రెండేళ్ల కిందట ఒక చెప్పుల దుకాణంలో ఎనిమిదో ఇంటి అబ్బాయి కనిపించేదాకా నమ్మింది. పదేళ్లవాడయ్యాడు. ముద్దుపేరుతో పిలిస్తే గుర్తుపట్టి, వెనక్కి తగ్గి తల్లి చాటుకు పోయాడు. మీరు వెళ్లాక వీడు నెల్లాళ్లు పగలు కన్ను మూయలేదండీ, పడుకుంటే ఇంకెవరు పోతారోనని భయం, అని వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది. ఆయాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచీ ఆ పది నిద్రలూ ఆమెను పొడుస్తూనే ఉన్నాయి.

ఒంటిగంటకు పాప అన్నం తిన్నది. ఆయా మూతి తుడిచింది, చేతులు కడిగింది, కర్టెన్లు మాత్రం వేయలేదు. పాపను నేల మీద కూర్చోబెట్టి చెక్కముక్కలతో మేడ కట్టించసాగింది. బయట సన్నగా వాన మొదలైంది. ఒకటిన్నరకు తల్లి తలుపు తోసి, మెలకువగా ఉన్న పిల్లను చూసి గడియారం వైపు సైగ చేసింది.

"ఇవాళ పడుకోబెట్టనమ్మా," అంది ఆయా, మేడ మీద ఇంకో ముక్క పెడుతూ. "దానికి చెప్పే వెళ్తాను."

తల్లి వెళ్లి భర్తను తీసుకొచ్చింది. ఆఫీసులో పదిమందిని ఒక్కమాటతో నోరు మూయించే మనిషి. నవ్వుతూనే మొదలుపెట్టాడు.

"మూడేళ్ల పిల్ల ఆయమ్మా. దానికేం తెలుస్తుంది?"

"ఏమీ తెలీదంటే, మెలకువగా ఉన్నప్పుడు వెళ్తే మీకేం నష్టం బాబూ? తెలుస్తుందంటారా, అయితే చెప్పకుండా ఎలా పోను?"

ఆయన భార్య వైపు తిరిగాడు. తల్లి అందుకుంది. ఇంకా రెండు రోజులే మిగిలాయంది, పాప ఏడ్చి గోల చేస్తే అవీ పాడవుతాయంది, ఇన్నాళ్లూ తామేం తక్కువ చేశామంది. చివరికి ఆ మాటలన్నీ అయిపోయి, గొంతు తగ్గించి, "నా దగ్గర ఊరుకోదు" అంది.

అసలు సంగతి అదీ. ఆయాకు సగం కోపం పోయింది. రెండో సగాన్ని మాత్రం ఆమె పోనివ్వలేదు.

"ఊరుకోదు. గంటసేపు ఏడుస్తుంది. ఏడవనివ్వండి, మీరు పక్కన కూర్చోండి చాలు. పదిళ్లలోంచి దొంగలా బయటికొచ్చానమ్మా. ఏం ఎత్తుకుపోయానని?"

ఆయా మోకాళ్లు పట్టుకుని పాప ముందు చతికిలబడింది.

"బుడంకాయా, ఇటు చూడు. నేను మా చెల్లెలి ఊరు వెళ్లిపోతున్నాను."

"రేపొస్తావా?"

"రాను."

"ఎల్లుండి?"

"రానమ్మా. నువ్వు బడికి పోతావు. అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు. నేనుండను."

పాప కాసేపు మేడను చూసింది. తర్వాత దాన్ని కాలితో తన్ని కూల్చింది. లేచి గుమ్మం దాకా పరుగెత్తి, సంచికి ఆనించి ఉన్న ఆయా గొడుగును ఈడ్చుకొచ్చి, నేల మీద పడేసి దాని మీద కూర్చుంది. ముఖం ఎర్రబడింది. అప్పుడు మొదలైంది ఏడుపు. ఇల్లెగిరిపోయేలా, ఊపిరి తిరగకుండా, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ ఏడ్చింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆయా కోసం ఒక బిడ్డ ఆమె కళ్లెదుటే ఏడవడం ఇదే మొదలు. ఆమె తల తిప్పుకోలేదు.

తండ్రి గొడుగు లాగబోయాడు.

"లాక్కోకండి బాబూ. దాని కోపం దాన్ని పడనీండి."

"బయట వాన పడుతోంది కదా."

"కరిగిపోవడానికి నేనేమన్నా బెల్లం ముక్కనా?"

ఆయా తలమీద చెయ్యి వేయబోతే పాప ఆ చేతిని విదిలించి కొట్టింది. దెబ్బ గట్టిగానే తగిలింది. ఆయా ఆ చేతిని రుద్దుకోలేదు. సంచి కుడిభుజానికి తగిలించుకుని, ముందు తలుపులోంచే, పట్టపగలు, అందరూ చూస్తుండగా మెట్లు దిగింది. తడి రోడ్డు మీద నెమ్మదిగా, ఎడమవైపుకు ఒరుగుతూ నడిచింది. వెనక నుంచి ఏడుపు మలుపుదాకా వినిపించింది. ఆమె అడుగు తొందరపడలేదు.

ఏడుపు ఆగడానికి గంట కాదు, గంటన్నర పట్టింది. తల్లి నేల మీదే కూర్చుంది. తొలి అరగంట పాప ఆమెను దగ్గరకు రానివ్వలేదు. తర్వాత ఎప్పుడో ఒళ్లోకి జరిగి, వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయింది. మంచం మీదికి చేర్చాలని ఎత్తబోతే పిడికిలి వీడలేదు. చేసేది లేక తల్లి రెండింటినీ కలిపే పడుకోబెట్టింది. తెల్లటి దుప్పటి మీద, పాప చేతికింద, ఒక పుల్ల వంగి, పిడి దగ్గర రంగు పోయిన ఆ నల్లగొడుగు.