ఎండ బండి వెనక జాగ్రత్తమ్మ

"అది పేలదు కదా?"

సంచిలోంచి సామాను పూర్తిగా బయటికి రాకముందే వచ్చేసింది ఆ ప్రశ్న. అరచేయంత సోలార్ పలక, బొటనవేలంత మోటారు, నాలుగు చక్రాలు, రెండు తీగ ముక్కలు. ఆరో తరగతి చదివే కూతురు, బడిలో సైన్సు ప్రదర్శనకు బొమ్మబండి చేద్దామని వాటిని ఒక్కొక్కటిగా నేల మీద పరుస్తుంటే, తల్లి రెండడుగులు వెనక్కి జరిగి, కుట్టుమిషను మీది కత్తెర చేతిలోకి తీసుకుంది. ఏదైనా అయితే తీగ కత్తిరించెయ్యవచ్చని.

మంచం మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్న అత్తగారు తలెత్తకుండానే, "రోజూ నీ కుక్కరు పక్కన బతుకుతున్నాం. ఇదొక లెక్కా?" అంది.

వీధిలో ఆ కోడలికి జాగ్రత్తమ్మ అని పేరు. ఏ మాట మొదలుపెట్టినా జాగ్రత్త అనే మాట దగ్గరే ఆగేది. భర్త బస్సు డ్రైవరు. పొద్దున్నే ఆయన గుమ్మం దాటింది మొదలు సందు మలుపు తిరిగేదాకా బ్రేకుల గురించీ, లారీల గురించీ, మంచినీళ్ళ సీసా గురించీ వెనకనుంచి చెబుతూనే ఉండేది. మలుపు దగ్గర ఆయన చెయ్యెత్తి ఊపేవాడు. విన్నాను, ఇక చాలు అని దానర్థం. ఆమె చదివింది ఏడో తరగతి. కానీ ప్రమాదాల విషయంలో మాత్రం పెద్ద చదువు చదివినవాళ్ళకు కూడా తట్టనివి ఆమెకు తట్టేవి.

కూతురు మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ అనేవారు. నిజానికి ఆ నాలుక చేయవలసిన పనంతా తల్లే చేసిపెట్టేది. కొట్టువాడు ఏ పెన్సిల్ కావాలమ్మా అంటే తల్లి చెప్పేది. చుట్టాలు ఏం చదువుతున్నావే అంటే తల్లి చెప్పేది. ఒకసారి డాక్టరు నొప్పి ఎక్కడ అని పిల్లను అడిగితే, బొడ్డుకు కుడిపక్క, నిన్నటినుంచి, దగ్గితే ఎక్కువ అని తల్లే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డాక్టరు కళ్ళజోడు తీసి, "అయితే మీరే బల్ల మీద పడుకోండమ్మా, మిమ్మల్నే చూస్తాను" అన్నాడు.

అందుకే సైన్సు మాస్టారు బడికి పిలిపించి చెప్పిన మాట వినగానే జాగ్రత్తమ్మకు కంగారు పట్టుకుంది. ప్రదర్శన రోజు బయటినుంచి పరీక్షకులు వస్తారట. బండి చేసినవాళ్ళే జవాబు చెప్పాలట. తల్లిదండ్రులు బల్లల ముందు కట్టే తాడుకు ఇవతలే నిలబడాలట. ఈ పిల్ల నోరు విప్పకపోతే బండిని ఆమె తరగతిలోనే ఉన్న 'మైకు' చేతికిస్తానన్నాడు. మైకు అంటే మాటలు జలజలా రాలే ఒక పిల్లకు బడి పెట్టిన పేరు. గెలిస్తే నగరంలో జరిగే పెద్ద ప్రదర్శనకు కూడా బండితో వెళ్ళేది ఆ పిల్లే. పనితనం మీ అమ్మాయిదే, కాదనను, కానీ బడి పరువు కూడా చూసుకోవాలి కదా అన్నాడాయన, కాస్త నొచ్చుకుంటూనే.

తిరిగొచ్చే దారంతా కూతురు పుస్తకాల సంచిని ఎవరో లాక్కుంటారన్నట్టు రెండు చేతులా గుండెకు అదుముకుని నడిచింది.

మొదటి వారం బండి మొండికేసింది. చేత్తో ఎత్తి పట్టుకుంటే చక్రాలు గిర్రున తిరిగేవి. నేల మీద పెడితే మోటారు సన్నగా మూలిగి ఊరుకునేది. పిల్ల ఇంట్లోకొచ్చి కుట్టుమిషను పక్కన బోర్లా పడుకుని, బడి చొక్కాలు కుట్టే తల్లి పాదం వంకా, మిషను వంకా గంటలకొద్దీ చూసింది. జడ బెల్టులో పడుతుందని తల్లి గోల. ఎన్నిసార్లు చెప్పినా లేవకపోయేసరికి ఆమే పిల్ల జడను ముడివేసి, పైన రుమాలు చుట్టి, అప్పుడు కుట్టింది.

పిల్ల చూసిందేమిటో మర్నాడు తెలిసింది. మిషను మోటారుకు చిన్న కప్పీ, పైన పెద్ద చక్రం, రెంటికీ మధ్య బెల్టు. మోటారు ఎంత పరుగెత్తినా పెద్ద చక్రం నిదానంగా, బలంగా తిరుగుతుంది. రెండు సీసా మూతలను వీపుకు వీపు ఆనించి అతికించి, ఇరుసుకు తగిలించి, మోటారుకూ దానికీ మధ్య రబ్బరు బ్యాండు వేసింది. బండి డాబా మీద మూరెడు దూరం పోయింది.

మూరెడు పోయి ఆగింది.

మళ్ళీ పెడితే మళ్ళీ మూరెడే. రెండు రోజులు అదే తంతు. మిట్టమధ్యాహ్నం డాబా పెనంలా కాలుతుంటే పిల్ల తీగలు విప్పుతుంది, మెలేస్తుంది, బండిని వదులుతుంది, వంగి దాని వెంట నడుస్తుంది. వడదెబ్బ తగులుతుందని జాగ్రత్తమ్మ నల్లటి గొడుగు పట్టుకుని, పిల్ల నెత్తిన ఒక్క ఎండ పొడ పడకుండా ఆమె వెంట నడుస్తుంది. పిల్ల తలెత్తి "అమ్మా, అదీ" అంటుంది. నీళ్ళు తాగు, మాట తర్వాత అంటుంది తల్లి. "అమ్మా, గొ" అంటుంది. గొంతెండిపోయిందా, చెప్పానా నేను అంటుంది తల్లి.

మూడో రోజు కింద పాలు పొంగిన వాసనొచ్చి ఆమె గొడుగుతో సహా పరుగెత్తింది. తిరిగి మెట్లెక్కేసరికి బండి డాబా ఈ చివరనుంచి ఆ చివరకు పోయి, పిట్టగోడను గుద్దుకుని, ఇంకా వెళ్ళాలని చక్రాలు తిప్పుతోంది. ప్రాణం లేచొచ్చినట్టయి గొడుగు విప్పుకుని అటు పరుగెత్తింది. ఆమె వెళ్ళగానే బండి ఆగిపోయింది.

తీగ మీద బట్టలు ఆరేస్తున్న అత్తగారు చేతిలోని దుప్పటి అలాగే వదిలేసి చూసింది.

"కోడలా, దాని తిండే ఎండ. మూడు రోజులుగా దాని కంచం లాగేస్తున్నావు."

జాగ్రత్తమ్మ గొడుగు వంక చూసింది, నేల మీద నీడ వంక చూసింది, ఆ నీడలో చిక్కుకున్న బండి వంక చూసింది. ముఖం కందిపోయింది. గొడుగు మూసింది. మూయగానే బండి మళ్ళీ పిట్టగోడతో పోట్లాటకు దిగింది. అత్తగారికి నవ్వు ఆగక నీళ్ళ తొట్టె అంచు మీద కూలబడింది. చివరికి జాగ్రత్తమ్మకూ నవ్వొచ్చింది.

"నీకు తెలుసా ఇది?" అని పిల్లను అడిగింది.

పిల్ల తలూపింది. మొదటి రోజే తెలుసు.

"మరి చెప్పొచ్చు కదే."

"చెప్పబోయానమ్మా. నేను సగం అనేలోగా నువ్వు మిగతాది అనేస్తావు."

కోపంగా అనలేదు. చక్రంలో చిక్కుకున్న పోగు తీస్తూ మామూలుగా అంది. ఆ సాయంత్రం జాగ్రత్తమ్మ నాలుగు చొక్కాలకు జేబులు తలకిందులుగా కుట్టి, మళ్ళీ విప్పింది.

ప్రదర్శన రోజు బడి ఆవరణలో తాడు కట్టారు. ఎండ బాగా కాస్తోంది. ఆమె జీవితంలో ఎండను చూసి సంతోషించడం అదే మొదటిసారి. పక్క బల్ల మీది పిల్లవాడు అగ్నిపర్వతం గురించి బట్టీపట్టింది ఒప్పజెప్పాడు. నెరిసిన జుట్టును చిన్న ముడిగా వేసుకున్న పరీక్షకురాలు విని, తలూపి, ఈ బల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల బండిని నేల మీద వదిలింది. అది ఆవరణ మధ్యదాకా బుద్ధిగా పోయింది.

పరీక్షకురాలు వంగి సీసా మూతల కప్పీని వేలితో తిప్పి చూసింది. పెదవులు కాస్త సాగాయి. తర్వాత అడిగింది.

"ఇలాంటి పలకలు రెండు పెడితే, బండి రెట్టింపు వేగంగా పోతుందా?"

పిల్ల బండి వంక చూసింది.

పోతుంది మేడమ్, ఎందుకు పోదు, అంటూ జాగ్రత్తమ్మ గొంతుదాకా వచ్చింది మాట. పెదవి పంటికింద నొక్కిపట్టింది. పిల్ల చూపు పలక మీదనుంచి ఇరుసు మీదికి, ఇరుసు మీదనుంచి రబ్బరు బ్యాండు మీదికి జరుగుతోంది. వేళ్ళు గాల్లోనే ఏదో బరువు తూస్తున్నట్టు ఆడుతున్నాయి. ఎన్నడూ ఇంతసేపు ఆగి పిల్ల ముఖం చూడలేదేమో, ఆ మౌనం భయం కాదని ఆమెకు అప్పుడే తెలిసింది. ఎవరో గోడ పక్కన దగ్గారు. సైన్సు మాస్టారు చేతి గడియారం చూసుకుని, మైకును ముందుకు రమ్మని సైగ చేశాడు. ఆ పిల్ల అడుగు వేసింది.

జాగ్రత్తమ్మ తాడు మీదుగా చెయ్యి చాచి మాస్టారి చొక్కా చేతిని పట్టుకుంది.

"ఆగండి సార్. ఆలోచిస్తోంది."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మాస్టారు ఆగాడు. మైకు ఆగింది. పరీక్షకురాలు కలం మూసి జేబులో పెట్టుకుని, తొందరేం లేదన్నట్టు చేతులు కట్టుకుంది. జాగ్రత్తమ్మ తాడును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఇంట్లో ఒక చొక్కాకు కాలరు కుట్టినంత సేపు గడిచినట్టనిపించింది ఆమెకు. ఒక్క మాట అనలేదు.

పిల్ల తలెత్తింది.

"రెండో పలకతో బలం పెరుగుతుంది మేడమ్, కానీ బరువు కూడా పెరుగుతుంది. రెట్టింపు పోతుందని ఊరికే చెప్పలేను. మా దగ్గర ఒక్కటే ఉంది. మీరు ఇంకోటి ఇప్పిస్తే, కట్టి చూసి చెప్తాను."