కోడలు కోరిన ఆరళ్లు

మా కోడలు విమానం నడుపుతుంది. ఈ మాట చెప్పడానికి నాకు సందర్భం అక్కర్లేదు. పన్ను పీకించుకుంటూ నోట్లో దూదితోనే డాక్టరుకి కూడా చెప్పాను. ఆయనకి ఎంత అర్థమైందో గానీ తల మాత్రం ఊపాడు.

నేను బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఎవరైనా వీపు వంచుకుని నడిస్తే ఇప్పటికీ నా ప్రాణం ఒప్పదు. వీధిలో నేను కనిపిస్తే పిల్లలు వీపులు నిటారుగా పెడతారు. అలాంటి దాన్ని, కోడలు పురిటి మంచం దిగి ఇంటికొచ్చిన నాటి నుంచి వెన్నలా కరిగిపోయాను. నీళ్ల బిందె కాదు గదా, గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. తను మెట్లు దిగుతుంటే వెనకాలే నేనూ దిగేదాన్ని.

చంటిది బోర్లాపడే వేళకి కోడలి సెలవు అయిపోవచ్చింది. మళ్లీ విమానం ఎక్కాలంటే ముందు ఒక పరీక్ష ఉంది. కంపెనీ దగ్గర గదంత మిషను ఉంటుందట. అందులో కూర్చోబెట్టి ఉన్నట్టుండి ఇంజను ఆపేస్తారట. తడబడకుండా దించితే తన సీటు తనది. లేకపోతే కొన్నాళ్లు ఆఫీసులో కాగితాలు చూసుకోమంటారు.

"ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో చెప్పరత్తయ్యా. నాకోసం సీటు ఖాళీగా ఉంచి ఎవరు కూర్చుంటారు?" అంది కోడలు. ఇన్ని నెలలు చెయ్యి పెట్టకపోయేసరికి వేళ్లు మొద్దుబారాయని ఆ పిల్ల దిగులు. కంపెనీ మిషను పరీక్ష రోజుకి గానీ దొరకదు. అందుకని ఇంట్లో కంప్యూటరు మీదే సాధన చేసుకోవడానికి ఒక మంచి ఫ్లైట్ సిమ్యులేటరు కావాలంది.

ఆ మాట చాలు, మావాడికి రెక్కలొచ్చాయి. ఫొటో ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని వాడిది. ఆ కంప్యూటర్ని నా మనవరాలికన్నా జాగ్రత్తగా తుడుచుకుంటాడు. కొన్నాళ్లు ఉచితంగా వాడి చూసుకోమని ఇచ్చే సాఫ్ట్‌వేర్లు రెండు పట్టుకొచ్చి ఎక్కించాడు. రెండూ కలిసి కంప్యూటర్లో ఉన్న చోటంతా మింగేశాయి. పని చేసుకోవాలంటే ఏదో ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని సాగనంపాల్సిందే. కోడలు మాత్రం విమానంలో ఉండేలాంటి స్టీరింగు, పెడళ్లు తనే చూసి తెచ్చుకుని టేబులుకి బిగించుకుంది.

మొదటిదానికి నేను సోకులాడి అని పేరు పెట్టాను. తెరుస్తూనే మబ్బులు, మబ్బుల మీద ఎండ, కింద నదిలో విమానం నీడ. మా వీధి కూడా కనిపించింది. మావాడు మా డాబా వెతికి పట్టుకుని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. కోడలు విమానాన్ని పువ్వు దించినట్టు దించింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. తన మొహంలో మాత్రం నవ్వు లేదు.

రెండోదాని పేరు మొండిఘటం. ఆకాశం సున్నం వెలిసిన గోడలా ఉంది. చెట్లు కూడా ఏదో మొక్కుబడిగా ఉన్నాయి. ఎత్తూ వేగమూ చూపించే ముల్లుల గడియారాలు మాత్రం బోలెడు. కోడలు దించబోతుంటే పక్కగాలి కొట్టింది, రెక్క నేలకి తగిలింది. తెర ఎర్రబడి, విమానం కూలిపోయిందని అక్షరాలు పడ్డాయి. నా గుండె గుభేలుమంది. అది ఉత్త బొమ్మని నాకు తెలియక కాదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నది నా కోడలు.

"నాకు ఇదే కావాలి," అంది తను, చెమట తుడుచుకుంటూ.

"దీన్లో మబ్బులు కూడా సరిగ్గా లేవు కదే!" అన్నాడు మావాడు.

"మబ్బుల్లోకి వెళ్లాక ఏమీ కనపడదండీ. అప్పుడు నేను చూసేది ముల్లునే."

మర్నాడూ కూలింది. ఆ మర్నాడూ కూలింది. ఎర్ర తెర పడినప్పుడల్లా నాకు ముద్ద దిగడం మానేసింది. కోడలు చంటిదాన్ని పడుకోబెట్టడానికి లోపలికి వెళ్లిన సమయం చూసి, "ఒరేయ్, ఆ కూలడం తీసెయ్యరాదూ?" అని మావాడి చెవిలో వేశాను. వాడి మనసులోనూ అదే ఉంది కాబోలు, సెట్టింగుల్లోకి వెళ్లి ఏదో గడిలో టిక్కు పెట్టాడు.

"ఇక దేన్ని గుద్దినా విమానానికి ఏమీ కాదమ్మా!" అన్నాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు తల్లీకొడుకులం మురిసిపోయాం.

ఆ సాయంత్రం మొండిఘటం బుద్ధిగా మాట విన్నది. నేను చప్పట్లు కొట్టాను. కోడలు నావైపోసారి, తెరవైపోసారి చూసింది. విమానం ముక్కు నేలకేసి పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. విమానం నేలని గుద్ది, బంతిలా ఎగిరి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"ఎవరి పనండీ ఇది?" అని మొగుణ్ణి అడిగింది. వాడు నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. కుర్చీ నా దగ్గరకి లాక్కుని నెమ్మదిగా అంది: "అత్తయ్యా, బాలింతనని మీరు నన్ను కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నారు. మా అమ్మ కూడా అంత చెయ్యలేదు. కానీ ఈ కంప్యూటరు కూడా నన్ను బాలింతలాగే చూస్తే ఎలాగండీ? నేల దగ్గరికొస్తుంటే నాకు భయం వెయ్యాలి. భయం వేసినా చెయ్యి ఆడాలి. రేపు నా వెనకాల మనుషులు కూర్చుంటారు."

ముందు నాకు చర్రున కోపం వచ్చింది. ఇంత చేస్తే దక్కిన మాట ఇదా అనిపించింది. కాసేపటికి ఆ కోపం నా మీదకే తిరిగింది. పరుగు పందెంలో పిల్ల పడిపోతుందని దారంతా పరుపులు పరిచిన టీచరెవరైనా నా కంటపడితే ఉతికి ఆరేసేదాన్ని.

"ఆ టిక్కు తియ్యరా!" అన్నాను.

అది తీస్తుంటేనే మావాడికి ఇంకో పేజీ కనిపించింది. నేర్పేవాళ్ల కోసం పెట్టిందట. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్లో నొక్కితే ఇక్కడ ఇంజను ఆగిపోతుంది, పొగమంచు కమ్ముతుంది, చక్రాలు దిగనంటాయి. కోడలి కళ్లు మెరిశాయి. సోకులాడిలో ఇలాంటి సదుపాయం ఉందేమోనని మావాడు వెతికాడు, లేదు. అంతే, ఎంపిక అక్కడే తేలిపోయింది. మావాడు నిట్టూరుస్తూ మా డాబాని, నదిని, మబ్బుల్ని తుడిచేశాడు.

"నొక్కేది ఎవరు?" అన్నాను.

"ఈయన నొక్కలేరు, జాలిగుండె. మీరే నొక్కాలత్తయ్యా."

కూర్చోబెట్టి ఆరళ్లు పెట్టమని అత్తగారిని బతిమాలుకున్న కోడల్ని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

మొదట్లో నా వేలు ఆడలేదు. కాస్త గాలి మాత్రం పెంచాను. "ఇది ఆరడా, బుజ్జగింపా?" అంది వెనక్కి తిరక్కుండానే. నాలో డ్రిల్లు టీచరు లేచి కూర్చుంది. నేల వదిలిన మరుక్షణం ఉన్న రెండింజన్లలో ఒకటి తీసేశాను. దిగబోతుంటే పొగమంచు కప్పాను. కూలితే అయ్యో అనడం మానేసి "మళ్లీ!" అనడం మొదలుపెట్టాను. ఒకసారి సరిగ్గా దిగేటప్పుడు పక్కగదిలో చంటిది గుక్కపట్టింది. కోడలి భుజం అటు తిరిగింది, తెర ఎర్రబడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మళ్లీ!" అన్నాను. మావాడు పిల్లనెత్తుకుని గదంతా తిరుగుతున్నాడు, అది ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. లేచి పరిగెత్తాలని నా కాళ్లు తహతహలాడాయి. కూర్చుని రెండో ఇంజను కూడా తీసేశాను. కోడలు కదల్లేదు. ముల్లు మీద చూపు, స్టీరింగు మీద చెయ్యి. విమానం గాలిలో జారుతూ వచ్చి, చక్రాలు కీచుమంటూ నేలని పట్టుకుని ఆగింది. అప్పుడు లేచి వెళ్లి పిల్లకి పాలిచ్చింది. అలా వెళ్తున్న కోడలి నిటారు నడకని వెనక నుంచి చూస్తుంటే నా గుండె ఉప్పొంగిపోయింది.

పరీక్ష రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఫోను మోగేసరికి మావాడికన్నా ముందు నేనే అందుకున్నాను.

"సీటు నాదేనత్తయ్యా!" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ వాళ్లు ఒక్క ఇంజనే తీశారు. రెండోది కూడా పోతుంది, పొగమంచు కమ్ముతుంది, చక్రాలు దిగవు అని చివరిదాకా కాచుక్కూర్చున్నాను. పరీక్ష అయిపోయిందన్నా నమ్మక బెల్టు కూడా విప్పలేదు. ఇంతేనా అని అడిగితే వాళ్లు తెల్లమొహం వేశారు," అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కన్నీళ్లు చెంపల మీదుగా కారిపోతున్నా గొంతు మాత్రం గట్టిగానే పలికింది.

"పాపం, వాళ్లకి కోడళ్లు లేరేమోలేమ్మా," అన్నాను.