నెలపొడుపు చూసే మనిషి

టార్పాలిన్ మీద మిరియాలు తిరగేస్తూ యర్రయ్య ఆకాశంలోకి చూశాడు. చూశాడంటే మాటవరసకే. రెండేళ్లుగా శుక్లాలు కమ్మి, ఎదురుగా ఉన్నది మేకో మనిషో కూడా తెలియడం లేదు. అయినా పెదబయలు కొండల్లోని ఆ ఊరికి దిసారి అతనే. నెలపొడుపు చూసి పండగలకు రోజు పెట్టాలి. అతను రోజు పెట్టి, మామిడి కొత్త పండగ జరిగితే గాని ఊళ్లో ఎవరూ కాయ కొరకకూడదు.

శుక్లాల సంగతి భార్య సోములమ్మకు తప్ప ఎవరికీ తెలియదని అతని ధీమా. బయటపడితే దిసారితనం పోతుంది. అందుకే పొద్దుగూకాక ఊరి చివరి బండ మీద పక్కనే నిలబడి, నెలవంక కనబడగానే ఆవిడ అతని వీపు మీద గిల్లేది. అతను మహా గంభీరంగా చెయ్యెత్తేవాడు.

ఇవాళ పొద్దున్నే ఇద్దరికీ తగువైంది. కోడి పొదుగుతున్న గుడ్లను ఉడకబెట్టుకుని, జీలుగు కల్లులోకి నంజుకు తినేశాడు మహానుభావుడు. అప్పట్నుంచి ఆవిడ మాట్లాడటం లేదు.

మధ్యాహ్నం మిరియాల కోసం వచ్చిన బడి మేష్టారు దేవీప్రసాద్ కబుర్లలోకి దిగాడు.

"చైనాలో నెలల లెక్క ఎలా పుట్టిందో తెలుసా తాతా? పూర్వం ఒక రాజు, చుక్కలు చూసి విత్తనాలకు అదును చెప్పమని నాలుగు దిక్కులకూ మనుషుల్ని పంపాడట. తర్వాతి కాలంలో ఆ వంశంవాళ్లు ఇద్దరు తాగి పడుకుని గ్రహణం సంగతి చెప్పలేదని ఇంకో రాజు తలలు తీయించాడని కథ."

యర్రయ్య మెడ తడుముకున్నాడు. "ఆళ్లకి పెళ్లాల్లేరేటి మేస్టారూ?"

సాయంత్రం ఊరంతా బండ దగ్గర చేరింది. పిల్లలు ఒళ్లో కాయలు పెట్టుకుని గుటకలు మింగుతున్నారు. యర్రయ్య పడమటికి తిరిగాడు. సోములమ్మ పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది.

"ఓలే, గిల్లవే," గొణిగాడు.

"గుడ్లు కనిపించిన కళ్లకి నెల కనిపించదేటి?"

"ఇంకెప్పుడూ ముట్టుకోనే. నువ్వు లేకపోతే నానేటి దిసారినే, ఉత్త గుడ్డోణ్ణి."

ఆ మాట గట్టిగానే వచ్చేసింది. బండ కింద అందరూ విన్నారు. యర్రయ్య మళ్లీ మెడ తడుముకున్నాడు.

"మాకు తెలుసులే బావా, బేగి గిల్లించుకో," అన్నాడు సోములమ్మ తమ్ముడు పైడిరాజు.

సోములమ్మకు నవ్వాగలేదు. గిల్లింది. యర్రయ్య చెయ్యెత్తాడు. "రేపే మామిడి కొత్త."

తెల్లారేసరికి యర్రయ్య లేవలేదు. నిద్రలోనే పోయాడు. చావు మైల తీరేదాకా పండగ లేదు. కాయలు మళ్లీ చూరు కిందికి చేరాయి.

"మరి రోజెప్పుడు పెడతావక్కా?" మట్టి చేసి వచ్చాక పైడిరాజు అడిగాడు.

"నెల రానీ, సూత్తాను," అని సోములమ్మ లోపలికి పోయి, తన చాప చుట్టబోయింది. తల దిక్కున ఏదో చేతికి తగిలింది. అప్పుడు ఏడ్చింది, ఊరంతా వినేలా.

అడ్డాకులో చుట్టిన సగం మామిడికాయ. మిగతా సగం, అందరికీ అడ్డుపెట్టిన మనిషి ఒక రోజు ముందే తినేసి పోయాడు.