తలుపున్న గది

మా ముంగిట్లో సీమపనస ఆకులు తెల్లారేసరికి ఇంట్లో పోయినవాళ్ల సమాధుల మీద పరుచుకుని ఉంటాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచి, ఏడేళ్లుగా, వాటిని ఊడవడం నా పని. ఆ ఉదయం చీపురు చేతిలో ఉండగానే అత్తయ్యను అడిగాను, శనివారం ఒక్క పూట వెనక గది నాకిమ్మని. ఆమె చామదుంపలు గీస్తోంది. తల ఎత్తలేదు.

"ఒక్కదానివే గదిలో కూర్చోవడానికి నీకేం జబ్బు చేసింది, ఫువాతినో?"

ఎగతాళి కాదది, నిజంగానే అడిగింది. మా సమోవా పల్లెల్లో మనిషి ఒంటరిగా కూర్చుంటే జబ్బయినా అయ్యుండాలి, అలకైనా అయ్యుండాలి. మా ఇంటికి స్తంభాలూ కప్పూ ఉన్నాయి, గోడలు లేవు. వాన వస్తే కొబ్బరాకు తెరలు దించుతాం. పన్నెండుమందిమి ఒకే నేల మీద పడుకుంటాం. తలుపున్న గది వెనక ఒక్కటే. పెళ్లిళ్లకూ చావులకూ ఇచ్చే మేలు చాపలు అందులో ఉంటాయి. తాళంచెవి అత్తయ్య నడుముకు ఉంటుంది.

నేను ఒక ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో దూరవిద్య ద్వారా యాక్చువేరియల్ సైన్స్ పీజీ చదువుతున్నాను. లక్షమందిలో ఏ వయసుకు ఎందరు మిగులుతారో అంచనా కట్టి, బీమాకూ పింఛనుకూ ఎంత పక్కన పెట్టాలో చెప్పే చదువు. పుట్టింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటిదాన్ని నేనే. మా నాన్న ఆ పట్టాను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పడవలోకి కూడా తీసుకెళ్లేవాడు. పీజీలో పదకొండు పేపర్లు పాసయ్యాను. ఒక్కటి మిగిలింది.

నిరుడు ఆ పేపరు రాస్తుంటే మధ్యలో చెడింది. పరీక్ష ఇంటినుంచే కంప్యూటర్లో రాయాలి. కెమెరాలోంచి ఎవరో కనిపెట్టి చూస్తుంటారు, పక్కన మనిషి ఉండకూడదు. తెరలు దించి, చుట్టూ దుప్పట్లు కట్టి కూర్చున్నాను. అరగంటకు అత్తయ్య విసనకర్ర పట్టుకుని వచ్చి, నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది. "ఒక్కదానివే ఉంటే బెంగపడతావు" అని, కెమెరా వైపు వంగి, "నాయనా, భోంచేశావా?" అని అడిగింది. పరీక్ష రద్దయింది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు చోటు దొరకలేదు. బట్టలుతుకుతూ ఏడ్చాను. ఇక ఒక్క అవకాశమే ఇస్తామని విశ్వవిద్యాలయం రాసింది.

అదంతా మళ్లీ చెప్పాను. అత్తయ్య దుంపలన్నీ గీయడం అయ్యాక, శనివారం మధ్యాహ్నం దాకా అయితే సరే అంది.

గురువారం సాయంత్రం మామగారి తమ్ముడు పోయాడు.

శుక్రవారానికల్లా వెనక గదిలోని చాపలన్నీ బయటికొచ్చాయి. ఆ గదినిండా, చావుకొచ్చినవాళ్లకు పంచే చేపల డబ్బాల పెట్టెలు పేర్చారు. బంధువులు బస్సుల్లో దిగుతున్నారు. మెట్టినింట ఉండే ఆడదాన్ని మా వాళ్లు నోఫోటానే అంటారు. చావు ఇంట్లో ఆమె కూర్చోదు. పొయ్యి దగ్గరుంటుంది, కప్పులు కడుగుతుంది, అందరూ తిన్నాక మిగిలింది తింటుంది. మా ఆడబిడ్డ టెలేసియా ఆక్లండ్ నుంచి ఆ పొద్దున్నే దిగింది. అన్న భార్యకు ఆడబిడ్డ మాటంటే చర్చిలో మాటతో సమానం. నేను పుస్తకం సంచిలో దాచుకోవడం చూసింది.

"వదినా, చచ్చినవాళ్ల లెక్కలే కదా నీ చదువు? ఇదిగో, ఇంట్లోనే మనిషి పోయాడు. ఇక్కడే లెక్కపెట్టుకో."

పొయ్యి దగ్గర ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు మీద. మా ఆయన ఫాలానికో, పరీక్ష ఎక్కడికి పోతుంది, వచ్చే ఏడు రాసుకోవచ్చు అన్నాడు. వచ్చే ఏడు లేదని అతనికి మూడుసార్లు చెప్పాను. విన్నాడు కూడా. వాయిదా వేయమని విశ్వవిద్యాలయానికి రాస్తే, తల్లి, తండ్రి, భర్త, బిడ్డ చనిపోతేనే వాయిదా అనీ, భర్త చిన్నాన్న ఆ జాబితాలో లేడనీ మర్యాదగా జవాబిచ్చారు.

ఆ రోజంతా కప్పులు కడుగుతూ ఒకటే ఆలోచించాను. మేం వేసే ఉద్యోగుల పట్టికల్లో, కొలువులోంచి బయటికి పోయే దారులకు వేర్వేరు గళ్లుంటాయి. చనిపోయినవారు, జబ్బుతో ఆగినవారు, వయసయ్యి దిగినవారు, తమంతట తాము వెళ్లినవారు. ఈ ఇంటి కోడళ్లకు అలాంటి పట్టిక వేస్తే? మామగారి తల్లి, ఆయన పెద్దమ్మ, నిరుడు పోయిన తోటికోడలు. నాకు తెలిసినవాళ్లంతా ఒకే గడిలో ఉన్నారు. ముంగిట్లో ఉన్నారు. రోజూ నేను ఆకులు ఊడ్చేది వాళ్ల మీదే. చివరి గడిలో ఒక్క పేరు కూడా లేదు.

నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. మా రాజధాని ఆపియాలో నేను పనిచేసే బీమా ఆఫీసుది. నేను వేసిన పట్టికల కింద మేనేజరు తన పేరు రాసుకుంటాడు. అందరికన్నా ముందొచ్చి టీ నీళ్లు పెట్టాలని ఆర్నెల్ల కింద నాకు ఆ తాళం ఇచ్చారు. శనివారం అక్కడ కూర్చుని పరీక్ష రాస్తానని మేనేజరును ముందే అడిగితే, ఆఫీసు నీ చదువుకు కాదమ్మా అన్నాడు. తెలిస్తే ఉద్యోగం పోతుంది.

శనివారం చీకట్లోనే లేచి ఆకులు ఊడ్చాను. కొత్త గొయ్యి చుట్టూ కూడా ఊడ్చాను. కెటిళ్లు నింపాను. కప్పులన్నీ వరసగా బోర్లించాను. సంచి భుజాన వేసుకుంటుంటే, శవం దగ్గర కూర్చుని ఈగలు తోలుతున్న అత్తయ్య చూసింది.

"ఎక్కడికి?"

"పరీక్షకి అత్తయ్యా."

"ఈ పూట పోతే, ఇక ఈ ఇంట్లో నీకు చాప పరవరు" అంది. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పింది. నేను మెట్టు దిగాక, "తోడెవరు?" అని అడిగింది.

"ఎవరూ లేరు."

ఆమె తల అడ్డంగా ఊపి, విసనకర్ర మళ్లీ శవం మీదికి తిప్పింది. బస్సులో ఎవరూ నన్ను పలకరించలేదు. చావు ఇంటినుంచి పొద్దున్నే సంచితో వస్తున్న కోడలిని ఏమని పలకరిస్తారు?

ఆఫీసు తలుపు లోపలినుంచి తాళం వేసుకున్నాను. పది గంటలకు కంప్యూటర్ తెర వెలిగింది. కెమెరాలోంచి చూసే మనిషి చిన్నపిల్ల గొంతుతో, గదంతా చూపించమంది. కెమెరా నాలుగు గోడల మీదుగా తిప్పాను. గురువారం నేను కడిగి బోర్లించిన ఆఫీసు టీ కప్పులు కూడా కనిపించాయి.

"మీతో ఎవరైనా ఉన్నారా అండీ?"

"లేరు."

"పరీక్ష అయ్యేదాకా ఎవరూ రారు కదా?"

"రారు" అన్నాను. "అయ్యాక కూడా ఎవరూ రారు."