ఇరవై మూడు నిమిషాల పాట

మా బ్యాండ్ ఏ పాటనూ రెండుసార్లు ఒకేలా వాయించదు. మా బ్యాండ్ అంటే నేను అందులో ఉన్నానని కాదు, పాతికేళ్లు వాళ్ల వెంట ఊరూరా తిరిగిన పిచ్చివాళ్లలో నేనొకణ్ణి. నాలుగు నిమిషాల పాట మొదలుపెట్టి, గిటారు ఎటు పోతే డ్రమ్స్ అటు పోయి, అరగంటకు గానీ తిరిగొచ్చేవారు కాదు. వాటిని రికార్డు చేసుకోమని అభిమానులకు వాళ్లే అనుమతి ఇచ్చారు. షరతు ఒక్కటే: అమ్మకూడదు, అడిగినవాళ్లకు కాపీ ఇవ్వాలి.

నేను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను. అద్దం మీద సన్నగీత పడినా నాకు ఒళ్లు మండుతుంది. రికార్డింగూ అంతే. మైకు దగ్గర ఎవరు దగ్గినా కొరకొరా చూసేవాణ్ణి. పాటల మధ్య వినిపించే మాటలన్నీ ఇంటికొచ్చి కత్తిరించేవాణ్ణి. పాటలోనే మాట పడిందా, ఆ రికార్డింగు మొత్తం చెరిపేసేవాణ్ణి. మా అభిమానుల గుంపు నాకు ‘మౌనస్వామి’ అని పేరు పెడితే బిరుదిచ్చినట్టు మురిసిపోయాను.

నాకు పూర్తి వ్యతిరేకం, గుంపు ‘గోల’ అని పేరు పెట్టిన ఇంకొకడు. బస్సు డ్రైవరు. మైకు చొక్కా జేబుకు తగిలించుకుని జనంలో నిలబడేవాడు. ఈలలు, పిల్లల ఏడుపులు, ఎవరిదో చెప్పు తెగిన గొడవ, అన్నీ అతని రికార్డింగుల్లో ఉండేవి. “నీ దాంట్లో పాట కాదయ్యా, సంత వినిపిస్తుంది” అని అందరి ముందూ ఏడిపించేవాణ్ణి.

నా భార్యది గలగలా మాట్లాడే నోరు. నాకోసం మైకు స్టాండు పక్కన ఆ నోటికి తాళం వేసుకుని కూర్చునేది. పాటకీ పాటకీ మధ్య మాత్రం, “మైకుకున్నపాటి విలువ నాకు లేదు” అని నవ్వేది. ఆ నవ్వునూ కత్తిరించాను.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆమె ఫోన్ ఆసుపత్రి హడావుడిలో ఎక్కడో పోయింది. ఫొటోలున్నాయి గానీ గొంతు లేదు. నా దగ్గరున్న నాలుగువందల పదకొండు రికార్డింగులూ మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఒక్క మాట దొరకలేదు. నా పనితనం అలాంటిది మరి! చివరికి సిగ్గు విడిచి, ఎవరి రికార్డింగులోనైనా ఆమె గొంతు పడిందేమోనని గుంపులో అందరినీ అడిగాను.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం గోల షాపుకొచ్చాడు.

“ఒకసారి కచేరీలో మీ వెనకే నిలబడ్డానండీ. అక్క గొంతు పడింది. మీరు తిడతారని ఇన్నాళ్లూ ఎవరికీ పంపలేదు” అంటూ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

షాపు కంప్యూటర్లోనే పెట్టాను. పాట మొదలైంది. వెంటనే ఆమె గొంతు, పక్కనే కూర్చున్నంత స్పష్టంగా.

“ఏమండీ, ఒక్క మాట. ఇప్పుడు చెప్పకపోతే నాకు మళ్లీ ధైర్యం రాదు.”

“ష్! పాట అయ్యాక.” అది నా గొంతు.

ఇరవై మూడు నిమిషాల పాట. ముందుకు జరపడానికి చెయ్యి రాలేదు. జనమంతా కేకలేస్తున్నారు, ఆమె గొంతు మాత్రం లేదు. పాట అయిపోయాక చప్పట్లు, వాటి మధ్య మళ్లీ నేనే.

“మొదట్లో నీ గొంతు పడింది. లేకపోతే బంగారం లాంటి రికార్డింగు!”

“అయ్యో, చూసుకోలేదండీ” అంది ఆమె.

ఆ తర్వాత నేను వైర్లు చుడుతూ ఎవరితోనో మైకుల గురించి మాట్లాడాను, అంతే. ఆ రికార్డింగును ఇంటికెళ్లగానే చెరిపేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

గోల మెల్లగా అడిగాడు. “ఇంతకీ అక్క ఏం చెప్పాలనుకుందండీ?”

“తెలియదు. నేను అడగలేదు” అన్నాను.

ఆ పాట తర్వాత మేమిద్దరం ఇంకో ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం.