డ్రమ్ము పక్కన నా చోటు

నేను ఒక బేస్ గిటారును. గిటారు అనగానే మీకు గుర్తొచ్చేది నేను కాదు. దానికి ఆరు తీగలుంటాయి, అది పాట వాయిస్తుంది, ఫొటోల్లో ముందు నిలబడుతుంది. నావి నాలుగే తీగలు, లావువి. నేను పాట కింద నడుస్తాను. పందిరికి కట్టిన పూలను చూసినవాళ్ళు గుంజల్ని చూడరు. నా ఉద్యోగం గుంజది.

నన్ను చేసింది సికింద్రాబాదులో బీరువాలు, మంచాలు చేసే ఒక వడ్రంగి. చేయించింది ఎలీషా. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, చర్చిలో పాడుతూ సంగీతం పట్టుకున్నవాడు. డెబ్బైలలో బేస్ గిటారు కావాలంటే ఊళ్ళో దుకాణాల్లో దొరికేది కాదు. ఎలీషా ఒక రికార్డు అట్ట మీది ఫొటోను తీసుకెళ్ళి వడ్రంగి ముందు పెట్టాడు. పొడవెంత, వెడల్పెంత అని వడ్రంగి అడిగాడు. మందం సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఫొటోలో మందం కనిపించదు. వడ్రంగి చేతికి అలవాటైన మందం తలుపుది. అలా నేను టేకు తలుపంత మందంతో పుట్టాను. నా మోత స్పీకరుకు చేరేలా రేడియో రిపేరు షాపులో అయస్కాంతానికి రాగితీగ చుట్టి నా ఒంట్లో బిగించారు. వీణకు ఉన్నట్టే నా మెడ మీదా మెట్లు కొట్టారు. మొదటిసారి నన్ను భుజాన వేసుకున్న రోజు ఎలీషా ఎడమవైపు ఒరిగి నడిచాడు. ఆ ఒరగడం తర్వాత నేను లేనప్పుడు కూడా పోలేదు.

కాలనీ వాళ్ళు నాకు తలుపు అని పేరు పెట్టారు. పెట్టింది రాజలింగం. ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీ లేని రోజున డ్రమ్ములు కొట్టేవాడు.

"తలుపు తెచ్చినవారా?" అని అడిగేవాడు.

"తెచ్చిన. నీ తపేలాలు ఏవి?" అనేవాడు ఎలీషా.

ఆ రోజుల్లో రైల్వే కాలనీ క్లబ్బులో శనివారం సాయంత్రం డాన్సు ఉండేది. వాళ్ళ బ్యాండుకు ఒక పాటగాడు, ఒక గిటారు, వీళ్ళిద్దరు. పాటగాడికి చప్పట్లు వచ్చేవి, గిటారు వాడికి పెళ్ళయిందా అని ఆడపిల్లల పెద్దవాళ్ళ విచారణ వచ్చేది. ఎలీషా దగ్గరికి వచ్చినవాళ్ళు కుర్చీ ఖాళీయేనా అని అడిగేవాళ్ళు.

ఒక క్రిస్మసుకు క్లబ్బు మెంబరు ఒకాయన పరదేశం నుంచి ఫంక్ అనే అమెరికా డాన్సు సంగీతం రికార్డు ఒకటి తెప్పించాడు. పాటగాడు రెండు నిమిషాలు విని లేచిపోయాడు. అందులో పాడేవాడికి పని తక్కువ. రెండు మాటలు అని, ఒక కేక వేసి ఊరుకుంటాడు. పనంతా బేసుది, డ్రమ్ముది. ఎలీషా, రాజలింగం నేల మీద కూర్చుని ముల్లును మళ్ళీ మళ్ళీ వెనక్కి పెట్టి విన్నారు. క్లబ్బు కాపలాదారు కరెంటు తీసేదాకా లేవలేదు.

ఫంక్ నడకలో ఒక కట్టుబాటుంది. మొదటి దెబ్బ మీద అందరూ కలవాలి. ఆ తర్వాత ఒకడు మోగిన చోట ఇంకొకడు మోగకూడదు. ఎవరి సందులో వాళ్ళు నడిచి, తిరిగి మొదటి దెబ్బకు వచ్చి చేరాలి. చెప్పడానికి ఒక నిమిషం పట్టింది. వాళ్ళిద్దరికీ ఏడాది పైన పట్టింది.

"సందు దొరికితే చాలు దూరుతవ్. జర ఆగరాదు?" అని రాజలింగం కసిరేవాడు.

"నువ్వు సందు ఇడువు మల్ల. సంతల మూట దింపినట్టు అంతట దింపుతవ్."

తీగలు మూగబోతే కొత్తవి దొరికేవి కావు. ఎలీషా పాతవాటిని విప్పి నీళ్ళలో ఉడకబెట్టేవాడు. జిడ్డు వదిలి కొంతకాలం మళ్ళీ పలికేవి. ఆయన భార్య సుశీలమ్మ మూత తీసి చూసి, "చారు గిన్నెల గివేందయ్యా?" అని అడిగేది. ఆ గిన్నెను విడిగా పెట్టింది. మొగుడి వాయిద్యానికి ఆమె చేసిన సాయం అదొకటి. వినడం అనే సాయం ఆమెను ఎవరూ అడగలేదు.

క్లబ్బులో పాటగాడు సిగరెట్టుకని బయటికి పోయినప్పుడు వీళ్ళిద్దరే మిగిలేవాళ్ళు. ఆ ఖాళీ నింపడానికి ఒక నడకను కట్టారు. దానికి మాటలు లేవు, పేరు లేదు. "మనది ఎత్తుకో," అని ఒకరు అంటే రెండోవాడు ఎత్తుకునేవాడు. పాటగాడు తిరిగొచ్చినా డాన్సు చేసేవాళ్ళు ఆగేవాళ్ళు కాదు. ఆయన మైకు పట్టుకుని తన వంతు కోసం నిలబడేవాడు. ఒకసారి ఎలీషా భుజం పట్టీ తెగి నేను ఆగిపోయాను. డ్రమ్ము ఆగలేదు, గిటారు ఆగలేదు. అయినా జనం అడుగులు తప్పి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏం పోయిందో వాళ్ళకు తెలియలేదు. పట్టీ కట్టాక ఏం వచ్చిందో కూడా తెలియలేదు.

ఆ నడకను దాచుకుందామని రాజలింగం ఒక చిన్న టేప్ రికార్డరు తెచ్చి తన స్టూలు కింద పెట్టాడు. మర్నాడు ఇద్దరూ కూర్చుని విన్నారు. డ్రమ్ములున్నాయి. జనం నవ్వులున్నాయి. ఎవరో గ్లాసు పడేసిన చప్పుడుంది. నేను లేను. అంత చిన్న యంత్రం అంత లోతు గొంతును పట్టుకోలేదు.

"నేనేమన్న ఆ దినం నాగా పెట్టిన్నా?" అన్నాడు ఎలీషా.

"పెద్ద మిషిన్ తెస్త. మల్ల చేద్దాం తియ్," అన్నాడు రాజలింగం.

మళ్ళీ చేయలేదు. రాజలింగానికి బల్లార్షా బదిలీ అయింది. క్లబ్బులో కీబోర్డు వచ్చింది. కీబోర్డు వాయించేవాడు నా పనిని ఎడమ చేత్తో చేసేశాడు. తర్వాత డాన్సులే ఆగిపోయాయి. ఎలీషా ఇంట్లో నన్ను ఒళ్ళో పెట్టుకుని ఒక్కడే వాయించేవాడు.

"ఏం పాటది?" అని సుశీలమ్మ వంటింట్లోంచి అడిగింది ఒకరోజు.

"పాట కాదు. రాజలింగం ఉంటే పాట."

కొన్నాళ్ళు ఆయన పాదంతో నేలను తట్టుకుంటూ వాయించాడు. తన పాదానికి తానే సందు ఇచ్చుకోవడం కుదరలేదు. నన్ను దుప్పటిలో చుట్టి సజ్జ మీద పెట్టాడు. అక్కడ నా పక్కన పాడైన మిక్సీ ఒకటి, క్రిస్మసు నక్షత్రం ఒకటి ఉండేవి. నక్షత్రాన్ని ఏడాదికోసారి దించేవాళ్ళు. మిక్సీని, నన్ను దించలేదు. సుశీలమ్మ పోయింది. తర్వాత ఎలీషా పోయాడు. ఆ రోజు కింద ఇంటినిండా పాడారు. నలభై గొంతులు పాడుతుంటే కింద ఆధారం లేక శ్రుతి జారుతూ వచ్చింది. నేను సజ్జ మీద ఉన్నాను.

ఎలీషా కూతురు రూతు స్కూల్లో సైన్సు టీచరు. ఆమె కూతురు షారోను. తాత చనిపోయేనాటికి షారోను చంటిపిల్ల. కాలేజీలో చేరాక చెవుల్లో పెట్టుకునే బుడిపెలు కొనుక్కుంది. ఆ టేప్ రికార్డరు పట్టుకోలేనిదాన్ని ఇవి పట్టుకున్నాయి. యాభై ఏళ్ళ నాటి ఫంక్ రికార్డులను ఆమె ఆ బుడిపెల్లో వింది, పాడేవాడిని వదిలేసి కింద నడిచేదాని వెంట పడింది. ఒక డిసెంబరులో నక్షత్రం కోసం సజ్జ ఎక్కి దుప్పటి విప్పింది.

నన్ను దించడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

అప్పటినుంచి ఫోనులో డ్రమ్ము పెట్టుకుని రోజూ నేర్చుకునేది. ఫోను తప్పు చేయదు, ఆగదు, కసరదు. ఆ పిల్ల తప్పు చేసినా దానికి తెలియదు. రూతు గుమ్మంలో నిలబడి, "నీ దోస్తులందరు పాటలు పాడవట్టిరి. నువ్వు దుం దుం అని మోటరు నడిపినట్టు ఏందే?" అనేది.

పిల్ల బేస్ నేర్చుకుంటోందని చర్చి వాళ్ళ ద్వారా రాజలింగానికి తెలిసింది. ఒక ఆదివారం మెట్టుగూడ నుంచి నడిచి వచ్చాడు. రిటైరై బల్లార్షా నుంచి తిరిగొచ్చాడు, భార్య పోయి, అక్కడ ఒంటిగదిలో ఉంటున్నాడు. చేతిలో సంచి, సంచిలో క్యాసెట్టు, దాన్ని వినిపించే పెట్టె, డ్రమ్ము కొట్టే రెండు పుల్లలు. నన్ను చూసి, "తలుపు ఇంక ఉన్నదా?" అన్నాడు. ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని వచ్చిన పని చెప్పాడు.

"బిడ్డా, మీ తాత, నేను కలిసి ఒక నడక కట్టినం. నా కొట్టుడు నాకు యాదికుంది, చేతులల్ల ఉన్నది. వాడు వాయించింది పోతున్నది. పొద్దుగాల లేస్తే కొంచెం ఇనబడ్తది. చాయ్ తాగేసరికి ఉండదు. ఈ మధ్య పొద్దుగాల గూడ వస్తలేదు. ఒక్కసారి ఇనాలె."

"ఎట్లుంటదో జర పాడి చూపియ్యి తాతా."

"పాడొస్తే నీ దగ్గరికెందుకొస్త? నేను డ్రమ్ములోన్ని. వాడు ఎప్పుడు కొడ్తడో ఎరుక, ఏం కొడ్తడో ఎరుకలేదు."

షారోను క్యాసెట్టు వింది. ఇంకోసారి వింది. తాత అందులో లేడు. ఆమె నన్ను కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు వంచి పట్టుకుంది. అప్పుడు చూసింది. మెట్ల మధ్య కర్రలో గుంటలున్నాయి. ఎలీషా వేళ్ళు తీగను ఏళ్ళపాటు నొక్కిన చోట్లవి. కొన్ని లోతు, కొన్ని గీతంత. ఆమె తన వేళ్ళను ఒక్కొక్క గుంటలో పెట్టింది. ఊహ తెలిశాక తాతను ఆమె ముట్టుకోవడం అదే మొదలు.

"ఈడ బాగ వాయించిండు," అంది. "ఈడ కూడ."

గుంటలు స్వరాలు చెబుతాయి, వరస చెప్పవు. దానికి ఆమె ఇంకో ఉపాయం పట్టింది. క్యాసెట్టులో డ్రమ్ము ఎక్కడ ఖాళీ వదిలిందో అక్కడ తాత ఉండాలి. రాజలింగం సందు ఇవ్వడం నేర్చుకున్నవాడు కదా. ఆ ఖాళీల్లో గుంటల స్వరాలను ఒకటొకటిగా పెట్టి చూసింది. రాజలింగం ముక్కాలి పీట మీద పుల్లలతో, నేల మీద కాలితో కొట్టేవాడు.

"ఊహూఁ."

"ఇట్లనా?"

"అది పెండ్లి బ్యాండు లెక్కుంది. ఇంక కిందికి పో."

నాలుగు ఆదివారాలు ఇలా గడిచాయి. రూతు చాయ్ పెట్టి ఇచ్చేది. ఐదో ఆదివారం, ఎండ గుమ్మం దాటుతుండగా, ఆ నడక కూర్చుంది. మొదటి దెబ్బ మీద ఇద్దరూ కలిశారు. విడిపోయారు. మళ్ళీ కలిశారు. సజ్జ మీద ఉన్నన్నాళ్ళు నేను దేన్ని మరిచిపోలేదో అది నా ఒంట్లోంచి వచ్చింది, ఒక్కటి తప్ప.

మూడో తిరుగుడు చివర ఎలీషా నా అన్నిటికంటే లావు తీగను మీటేవాడు. వేలు పెట్టకుండా, ఖాళీ తీగను. ఆ ఒక్క చోట రాజలింగం కూడా కాలితో అదే దెబ్బ కొట్టేవాడు. కట్టుబాటును కావాలని తప్పిన చోటు అది. జనం కేక వేసేది అక్కడే. వేలు పెట్టని తీగ కర్రను తాకదు, కాబట్టి గుంట పడలేదు. డ్రమ్ము అక్కడ మోగింది, కాబట్టి క్యాసెట్టులో ఖాళీ లేదు. వెతకడానికి షారోనుకు ఏమీ మిగల్లేదు. ఆమె అక్కడ ఆగింది.

రాజలింగం కాలు నేలను తాకింది. నా నుంచి ఏమీ రాలేదు. ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. చేతులు ఆపలేదు.

ఆమె వాయించడం ముగించి, "ఇదేనా తాతా?" అని అడిగింది.

ఆయన పుల్లను అరచేతిలో తిప్పాడు. ఆ పిల్ల వేళ్ళ చివర్లు పొక్కి ఎర్రగా ఉన్నాయి. ఆమె వాటిని నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది.

"ఇదే బిడ్డా," అన్నాడు.

తర్వాత కూడా ఆదివారాలు వచ్చాడు. ఆ చోటికి వచ్చేసరికి ఆయన కాలు ఒంటరిగా దిగేది. నలుగురి కోసం తెరిచిన తలుపులోంచి ఒక్కడే లోపలికి వచ్చినట్టుండేది. రెండుసార్లు ఏదో చెప్పబోయి చాయ్ అడిగాడు. ఏ స్వరమో ఆయనకు తెలియదు, ఉండవలసిందని మాత్రమే తెలుసు. నాకు స్వరం తెలుసు. మీటేవాళ్ళు లేనిదే చెప్పలేను. ఆ లావు తీగ ఆమె బొటనవేలికి అంగుళం దూరంలో ఉంది.

వానలు మొదలైన ఒక ఆదివారం ఆయన కాలు ఆ చోట లేవలేదు. ఆమె ఆగిన చోట ఆయనా ఆగాడు. ఇద్దరూ కలిసి మొదటి దెబ్బ మీద దిగారు. పీట మీది గ్లాసు అదిరింది. షారోను నవ్వింది.

రూతు గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలోని గుడ్డను భుజాన వేసుకుంది.

"గా ఆగుడు మంచిగున్నది మామా," అంది. "మా డాడీ గిట్లనే వాయించెటోడా?"

రాజలింగం పుల్లలను సంచిలో పెట్టుకున్నాడు.

"గిట్లనే," అన్నాడు.

నన్ను ఎవరూ అడగలేదు.